‘మామూలే’ అని వదిలేసిన విరేచనాలు

మన హైదరాబాద్ ఆసుపత్రుల్లో రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. మొదటిది, "ఎందుకైనా మంచిది, ఒక యాంటీబయాటిక్ వేద్దాం" అన్నది. రెండోది, నాలుగైదు రోజుల తర్వాత అదే రోగికి విరేచనాలు పట్టుకున్నప్పుడు, "యాంటీబయాటిక్ పడుతోంది కదా, లూజ్ మోషన్స్ మామూలే" అన్నది. పదకొండేళ్లుగా ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా పనిచేస్తున్న నేను ఈ రెండు మాటలనూ వింటూనే ఉన్నాను. రెండో మాటను నేనే అన్న రోజులూ ఉన్నాయి, ఈ టపా రాయడానికి కారణం ఆ రోజుల్లో ఒకటి.

ఆ రెండో మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాల్లో ఎక్కువ భాగం మందు ఆపగానే తగ్గిపోతాయి, వాటికి ఏ చికిత్సా అవసరం ఉండదు. అయితే మిగిలిన వాటిలో కొన్నింటి వెనుక క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. మేమంతా దాన్ని సీ డిఫ్ అంటాం. 1935లో హాల్, ఓటూల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని పసిబిడ్డల మలంలో మొదటిసారి గుర్తించారు, ప్రయోగశాలలో పెంచడం చాలా కష్టమైనందువల్ల ‘కష్టమైనది’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. యాంటీబయాటిక్ వాడిన తర్వాత వచ్చే తీవ్రమైన పెద్దపేగు వాపుకు ఇదే కారణమని తేలడానికి 1978 దాకా పట్టింది.

దీని తీరు తెలిస్తే తప్ప దీన్ని ఎలా ఆపాలో అర్థం కాదు. మన పేగుల్లో ఉండే కోటానుకోట్ల మేలుచేసే బ్యాక్టీరియా పైత్యరసంలోని ఆమ్లాలను మార్చి, సీ డిఫ్ పెరగలేని పరిస్థితిని కల్పిస్తూ ఉంటుంది. యాంటీబయాటిక్ పడగానే, జబ్బు చేసిన క్రిమితో పాటు ఆ కాపలా కూడా చాలావరకు పోతుంది. సీ డిఫ్ మాత్రం స్పోర్ అనే గట్టి పెంకు కట్టుకుని నెలల తరబడి మంచం కడ్డీల మీద, కమోడ్ కుర్చీ కింద, తలుపు పిడి మీద పడి ఉండగలదు. చెరువు ఎండినా మట్టిలో దాగిన గింజ వాన పడగానే మొలిచినట్లు, ఆ స్పోర్ ఎవరి చేతి ద్వారానో నోట్లోకి చేరి, కాపలా లేని పేగులో మొలకెత్తి, రెండు రకాల విషాలను వదులుతుంది. ఆ విషాలే పేగు లోపలి పొరను దెబ్బతీస్తాయి. అంటే ఈ జబ్బు రావడానికి రెండు సంగతులు కలవాలి: పేగును ఖాళీ చేసిన యాంటీబయాటిక్ ఒకటి, క్రిమిని మోసుకొచ్చిన చెయ్యో వస్తువో ఒకటి. ఈ రెండూ ఆసుపత్రిలో ఒకే కప్పు కింద దొరుకుతాయి.

కొన్నేళ్ల క్రితం ఒక వేసవిలో మా ఆర్థోపెడిక్ వార్డులో జరిగిన సంగతి చెబుతాను. రోగులను గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ వచ్చిన ఒక పెద్దాయనకు మొదట సెఫ్ట్రియాక్సోన్, తర్వాత లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌లు ఇచ్చారు. అయిదో రోజు నర్సింగ్ చార్టులో ‘లూజ్ మోషన్స్, 6 సార్లు’ అని ఉంది. రౌండ్స్‌లో ఎవరో మామూలే అన్నారు. నేను ఆ చార్టు చూశాను, కింద పొట్టి సంతకం పెట్టాను, ముందుకు వెళ్లిపోయాను. శాంపిల్ పంపలేదు. ఆయన రెండు రోజుల తర్వాత ఇంటికి వెళ్లారు, ఆ మంచాన్ని మేం రోజూ వాడే మామూలు క్రిమిసంహారక ద్రావణంతోనే తుడిచి మరొకరికి ఇచ్చారు.

తొమ్మిది రోజులకు అదే మంచం మీద, తుంటి ఎముక విరిగి వచ్చిన డెబ్బై దాటిన ఒక పెద్దమ్మకు జ్వరం, కడుపునొప్పి, రోజుకు పది విరేచనాలు మొదలయ్యాయి. ఇన్ఫెక్షన్ తీవ్రతకు గుర్తుగా తెల్లరక్తకణాలు ఇరవై వేలు దాటాయి. ఈసారి శాంపిల్ పంపారు, సీ డిఫ్ అని వచ్చింది. మరో అయిదు రోజులకు ఒక మంచం అవతల ఇంకొకరికి వచ్చింది. అప్పుడు నేను ఒక తెల్లకాగితం మీద వార్డు బొమ్మ గీసి, ఎవరు ఏ మంచంలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నారో, ఎవరికి ఏ మందులు పడ్డాయో, ఎవరు ఏ వస్తువు వాడారో రాసుకుంటూ కూర్చున్నాను. ఆ మూలలోని మంచాలన్నింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్క కమోడ్ కుర్చీ. దాన్ని తిరగేసి చూస్తే, సీటు అడుగున, చక్రాల దగ్గర ఎండిపోయిన మరకలు ఉన్నాయి. ఆయమ్మ నా ముఖం చూసి, "పైన రోజూ స్పిరిట్ పెట్టి తుడుస్తున్నా సిస్టర్, కింద తుడవాలని ఎవరూ చెప్పలేదు" అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. చెప్పాల్సింది నేను.

ముగ్గురిలో ఉన్నది ఒకే రకం క్రిమి అని రుజువు చేసే జన్యు పరీక్ష మాకు అందుబాటులో లేదు, పైగా మొదటి పెద్దాయన శాంపిలే లేదు. కాబట్టి ఆ కుర్చీయే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ ఆ రోజు చార్టు మీద నేను పొట్టి సంతకం పెట్టకుండా ఒక డబ్బా ల్యాబ్‌కు పంపించి ఉంటే, ఆ కుర్చీని అంతకు సుమారు రెండు వారాల ముందే తిరగేసి చూసి ఉండేదాన్ని. పెద్దమ్మ కోలుకుని ఇంటికి వెళ్లారు. మూడు వారాలకు మళ్లీ అదే జబ్బుతో తిరిగి వచ్చారు. ఒకసారి తగ్గిన వారిలో సుమారు అయిదుగురిలో ఒకరికి ఇది తిరగబెడుతుంది.

అందుకే నా దృష్టిలో నివారణ మొదలయ్యేది లెక్క దగ్గర. ఇరవై నాలుగు గంటల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు నీళ్లగా విరేచనమైతే అనుమానించాలి. అయితే అనుమానించిన ప్రతి ఒక్కరికీ పరీక్ష చేయడమూ తప్పే. లివర్ జబ్బు ఉన్నవారికి లాక్టులోజ్ సిరప్ పడుతుంటే విరేచనాలు ఎలాగూ అవుతాయి, కాబట్టి గత 48 గంటల్లో విరేచనకారి మందు ఏదైనా ఇచ్చారేమో ముందు కేస్ షీట్ చూడాలి. ఏడాది లోపు పసిబిడ్డల్లో ఈ క్రిమి ఏ జబ్బూ చేయకుండానే ఉండటం సర్వసాధారణం గనుక వారికి మామూలుగా ఈ పరీక్ష చేయరు. గట్టిగా ఉన్న మలాన్ని ల్యాబ్ వెనక్కి పంపాలి. డబ్బాలో పోస్తే డబ్బా ఆకారంలోకి ఒదిగేదే పరీక్షకు పనికొస్తుంది. శాంపిల్ తీశాక దాన్ని మేజా మీద వదిలేయకూడదు, ఎందుకంటే గది వేడిలో ఆ విషపదార్థం రెండు గంటల్లోనే పరీక్షకు దొరకనంతగా విరిగిపోవచ్చు. మన నగరంలో మే నెల మధ్యాహ్నం అయితే ఇక చెప్పనక్కరలేదు. జబ్బు తగ్గాక ‘నయమైందా లేదా’ అని మళ్లీ పరీక్ష చేయించడం కూడా వృథా, ఎందుకంటే రోగి బాగున్నా కొన్ని వారాల పాటు అది పాజిటివ్‌గా రావచ్చు.

పాజిటివ్ వచ్చిన ప్రతి కేసూ మా లైన్ లిస్టులోకి, అంటే కేసుల వివరాలు వరుసగా రాసే పట్టికలోకి ఎక్కుతుంది. చేరిన రోజును ఒకటిగా లెక్కపెట్టి, నాలుగో రోజు గానీ ఆ తర్వాత గానీ తీసిన శాంపిల్ అయితే అది ఆసుపత్రిలో మొదలైన కేసు. అంతకు ముందు తీసినదైతే బయటి నుంచి వచ్చింది, అయితే గత నాలుగు వారాల్లో మా దగ్గరి నుంచే డిశ్చార్జి అయ్యారేమో కూడా చూడాలి. రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య మళ్లీ పాజిటివ్ అయితే తిరగబెట్టినట్లు. నెలాఖరుకు ఆసుపత్రిలో మొదలైన కేసులను పేషెంట్ డేస్‌తో (ఆ నెలలో ఒక్కో రోజు ఉన్న రోగుల సంఖ్యలన్నీ కలిపిన మొత్తంతో) భాగించి పదివేలతో గుణిస్తాం. ఉదాహరణకు రోజుకు సగటున 150 మంది రోగులున్న ఆసుపత్రిలో 30 రోజులకు 4,500 పేషెంట్ డేస్ అవుతాయి. ఆ నెలలో రెండు కేసులు వస్తే రేటు పదివేలకు 4.4. చిన్న ఆసుపత్రిలో ఒక్క కేసు అటూ ఇటూ అయినా ఈ అంకె ఊగిపోతుంది కాబట్టి, నేను నెల అంకెకన్నా ఆరు నెలల వరుసను నమ్ముతాను.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. ఎన్ని శాంపిళ్లు పంపారన్నది పక్కన రాయకుండా రేటు ఒక్కటే చూపిస్తే దానికి అర్థం లేదు. ఒక్క శాంపిల్ కూడా పంపని వార్డులో సున్నా రావడం గొప్ప కాదు. అంకె పెరిగితే ఆసుపత్రికి చెడ్డపేరని భయపడే యాజమాన్యాలు ఉంటాయి, ఆ భయాన్ని నేను దగ్గరగా చూశాను. ఇంగ్లండ్ అనుభవం ఈ భయానికి మంచి సమాధానం. అక్కడ ఈ కేసులను తప్పనిసరిగా నివేదించాలన్న నిబంధనను 2007 నుంచి రెండేళ్లు దాటిన రోగులందరికీ వర్తింపజేశారు. 2007-08లో 55 వేలకు పైగా ఉన్న కేసులు 2013-14 నాటికి 14 వేల లోపుకు దిగాయి. లెక్క బయటపెట్టడంతో పాటు ఫ్లోరోక్వినోలోన్లు, సెఫలోస్పోరిన్లు అనే రెండు రకాల యాంటీబయాటిక్‌ల వాడకాన్ని కట్టడి చేయడం, శుభ్రత పెంచడం అన్నీ కలిస్తేనే ఇది సాధ్యమైంది, కానీ అన్నింటికీ ముందు వాళ్ల చేతిలో ఒక అంకె ఉంది.

ఇక శుభ్రత సంగతి. కోవిడ్ తర్వాత మన ఆసుపత్రుల్లో ప్రతి మంచం దగ్గరా హ్యాండ్ రబ్ సీసా వచ్చింది, అది ఎన్నో క్రిముల విషయంలో మేలు చేసింది. కానీ అందులోని ఆల్కహాల్‌కు సీ డిఫ్ స్పోర్లు చావవు. వాటిని సబ్బుతో రుద్ది, పారే నీళ్లతో చేతి మీద నుంచి కడిగేయాల్సిందే, దానికి 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. గ్లౌజులు తీసేశాక కూడా కడగాలి. వార్డులో వాష్ బేసిన్ ఆ చివర ఎక్కడో ఉండి, వేసవిలో ట్యాంకర్ వచ్చేదాకా కుళాయిలో నీళ్లు సన్నగా కారుతుంటే, ఆ అరవై సెకన్ల నియమాన్ని గోడమీద అతికించి ప్రయోజనం లేదు.

మన ఆసుపత్రుల్లో ఇంకో వాస్తవం ఉంది. రోగిని శుభ్రం చేసేది చాలాసార్లు సిస్టర్ కాదు, ఇంటివాళ్లు. పెద్దమ్మ రెండోసారి చేరినప్పుడు ఆమె కోడలు డయపర్ మార్చి, హ్యాండ్ రబ్ రెండుసార్లు రాసుకుని, వెంటనే టిఫిన్ క్యారియర్ మూత తీసి అన్నం కలపబోయింది. నేను ఆపితే, "మందు రాసుకున్నాను కదా సిస్టర్" అంది. ఆమె చేసింది మేము నేర్పిందే. "అమ్మా, ఈ జబ్బుకు ఆ మందు చాలదు, నాతో రండి" అని బేసిన్ దగ్గరికి తీసుకెళ్లి, గోళ్ల సందులతో సహా ఎలా కడగాలో చూపించాను. ఆ తర్వాత ఆ అమ్మాయి వార్డులో మిగిలిన అటెండెంట్లకు నాకంటే బాగా చెప్పింది. ఏ ఇన్ఫెక్షన్ కంట్రోల్ పుస్తకంలోనూ అటెండెంట్లకు తగినంత చోటు లేదన్నది నా ఫిర్యాదు.

మంచాన్ని, కుర్చీని శుభ్రం చేయడానికి హైపోక్లోరైట్ అనే బ్లీచింగ్ ద్రావణం కావాలి. మా దగ్గరికి వచ్చే క్యాన్‌లో 5 శాతం ద్రావణం ఉంటుంది, అంటే 50,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50,000 భాగాలు). 100 మిల్లీలీటర్ల ద్రావణానికి 900 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 5,000 పీపీఎం అవుతుంది. ముందు సబ్బునీళ్లతో మలినం కడిగేయాలి, ఎందుకంటే మలినం మీద పోస్తే హైపో బలం అక్కడే ఖర్చయిపోతుంది. తర్వాత పది నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. పొద్దున కలిపింది ఆ రోజుకే. ఎండ తగిలే కిటికీ దగ్గర మూత లేకుండా పెట్టిన బకెట్లో బలం తగ్గిపోతుంది. ఇదంతా హౌస్ కీపింగ్ వాళ్లకు పీపీఎంలలో చెప్పకుండా, కొలత గీత గీసిన మగ్గు ఇచ్చి చెబితే తప్పు జరగదు.

వేరు గది దొరికితే రోగిని అందులో ఉంచి, విరేచనాలు ఆగిన 48 గంటల దాకా ఏప్రాన్, గ్లౌజుల జాగ్రత్తలు కొనసాగించాలి. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని ఈ నగరంలో పెద్దవాళ్లు కోరంటి దవాఖాన అంటారు. క్వారంటీన్ అన్న మాటే జనం నోట అలా మారింది. అంటురోగిని వేరుగా ఉంచాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. గది లేని జనరల్ వార్డులో కనీసం మూల మంచం, ఆ రోగికి మాత్రమే వాడే కమోడ్ కుర్చీ, బీపీ పట్టీ, థర్మామీటర్ కేటాయించవచ్చు. దానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు.

ఇంత కడిగినా, మొదటి మాట ‘ఎందుకైనా మంచిది’ అలాగే ఉంటే కేసులు వస్తూనే ఉంటాయి. క్లిండమైసిన్, ఫ్లోరోక్వినోలోన్లు, మూడోతరం సెఫలోస్పోరిన్లు, కార్బపెనెమ్‌లు ఈ జబ్బుకు ఎక్కువగా దారితీసే మందులు. శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే డోసు, కోత పెట్టడానికి ముందు గంట లోపల పడితే, చాలా ఆపరేషన్లకు అదొక్కటే సరిపోతుంది. అయినా కుట్లు విప్పేదాకా ఇంజెక్షన్లు నడిపించే అలవాటు పోలేదు. దాన్ని డాక్టర్లకు చెప్పాల్సింది నర్సులు కాదనేవాళ్లున్నారు. ‘ఈ మందు ఏ రోజు ఆపాలి’ అని కేస్ షీట్‌లో రాసి ఉందా అని అడగడం మాత్రం నా పనే. 48 నుంచి 72 గంటలకు, ఏ క్రిమి పెరిగిందో చెప్పే కల్చర్ రిపోర్టు చూసి, అవసరం లేనిది ఆపడం, ఎన్నో రకాల క్రిముల మీద పనిచేసే మందు నుంచి ఆ క్రిమికి సరిపోయే మందుకు మారడం మా ఆసుపత్రిలో ఇప్పుడు కొంత అలవాటైంది. యాంటీబయాటిక్‌తో పాటు తోడుగా రాసే పాంటోప్రజోల్ గ్యాస్ మాత్ర కూడా ఈ ముప్పుతో ముడిపడి ఉందని అధ్యయనాలు చెబుతున్నాయి, కాబట్టి అది నిజంగా కావాలా అని కూడా అడుగుతున్నాం.

చికిత్స డాక్టర్ల పరిధిలోనిది గనుక రెండు జాగ్రత్తలు మాత్రం చెబుతాను. సీ డిఫ్‌ను చంపే వాంకోమైసిన్ అనే మందును నోటి ద్వారా ఇవ్వాలి. నరానికి ఎక్కిస్తే అది పేగులోకి చేరదు. క్యాప్సూల్ ఖరీదు వల్ల ఇంజెక్షన్ వయల్‌నే నీళ్లలో కలిపి తాగిస్తుంటాం, అందుకే ఆ సిరంజి మీద ‘నోటికి’ అని పెద్ద అక్షరాలతో రాయకపోతే రాత్రి డ్యూటీలో పొరపాటు జరగడానికి ఆస్కారం ఉంది. రెండోది, విరేచనాలు హఠాత్తుగా ఆగిపోయి కడుపు ఉబ్బితే అది తగ్గుదల అనుకోకూడదు. పేగు కదలడం మానేసిందేమోనని వెంటనే డాక్టర్‌ను పిలవాలి.

డిశ్చార్జి తర్వాత కూడా, యాంటీబయాటిక్ ఆపిన మూడు నెలల దాకా ముప్పు ఉంటుంది. ఇంటి దగ్గర విరేచనాలైతే మనవాళ్లు ముందు వెళ్లేది వీధి చివరి మెడికల్ షాపుకు. అక్కడ ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర, విరేచనాలను కట్టేసే లోపెరమైడ్ చేతిలో పెడతారు. యాంటీబయాటిక్ వల్ల వచ్చిన జబ్బు మీద మరో యాంటీబయాటిక్, దాని మీద విషాన్ని లోపలే నిలిపి ఉంచే మాత్ర. పెద్దమ్మ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. పెరుగన్నం తినొచ్చా అని అందరూ అడుగుతారు, హాయిగా తినొచ్చు, కానీ అది మందు కాదు. ఇప్పుడు మేం డిశ్చార్జి కాగితానికి తెలుగులో ఒక చీటీ జత చేస్తున్నాం: రోజుకు మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు నీళ్లవిరేచనాలైతే షాపు మందు వేసుకోకుండా, ఓఆర్ఎస్ తాగుతూ మా నంబరుకు ఫోన్ చేయండి, ఆసుపత్రిలో ఏ యాంటీబయాటిక్ వాడారో ఈ కాగితం ఏ డాక్టర్‌కైనా చూపండి.

ఆ వార్డులో ప్రతి కమోడ్ కుర్చీకి ఇప్పుడు ఒక నంబరు ఉంది, దాన్ని తిరగేసి తుడిచిన వారు పక్కనే తగిలించిన కార్డు మీద టైము వేస్తారు. మొదటి కార్డు ఆయమ్మే నింపింది. మూల మంచాల దగ్గర వాష్ బేసిన్ కావాలని నేను పెట్టిన అర్జీకి రెండేళ్లు పట్టింది; పోయిన నెల పైపు వేశారు, మోచేత్తో తిప్పే కుళాయి ఇంకా రావాలి.